పుట్టుక గీత

శ్రీకాకుళం దగ్గర ఒక డెంటల్ కాలేజీలో పీజీ చదువుతున్నప్పుడు నా థీసిస్ పాలపళ్ల మీద. పిల్లలకు తీసేసిన పాలపన్నును నిలువునా రెండుగా కోసి, వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా అరగదీసి, మైక్రోస్కోపు కింద చూడాలి. బిడ్డ తల్లి కడుపులో ఉండగానే పాలపన్ను మీది ఎనామిల్ పొరలు పొరలుగా పేరుకోవడం మొదలవుతుంది. భూమ్మీద పడ్డ రోజు ఆ పనికి ఒక కుదుపు తగులుతుంది. అది ఎనామిల్‌లో నల్లటి గీతగా మిగిలిపోతుంది. గీతకు లోపలిదంతా పుట్టకముందు తయారైంది, బయటిదంతా పుట్టాక. ఆ గీతను పట్టుకుని దాని వెడల్పు కొలవడం నా పని.

చెప్పడానికి ఇంతే. చేతికి రావడానికి మాత్రం నెలలు పట్టింది. పళ్లను పల్చగా కోసే మిషను మా కాలేజీలో లేదు. ఎమరీ కాగితం, నీళ్లు, నా వేళ్లు. ముందు గరుకు కాగితం, తర్వాత దానికంటే నున్ననిది, ఆ తర్వాత ఇంకా నున్ననిది. పన్ను సరిగ్గా పల్చబడే సమయానికి ఎనామిల్ పెచ్చులా ఎగిరిపోయేది. కొత్తవలస నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి, "ఈవేళ ఎన్ని ఇరగ్గొట్టావే?" అని అడిగేది.

ఒకరోజు ఒక ముక్కలో నల్లటి గీత స్పష్టంగా కనిపించింది. పరుగున వెళ్లి మా ప్రొఫెసర్ గారిని పిలుచుకొచ్చాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని చూశారు.

"ఇది పుట్టుక గీత కాదమ్మా, నీ ఎమరీ కాగితం గీత. అసలు గీత ఎనామిల్ వంపుతో పాటు వంగుతుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టుంది. పైగా ఎనామిల్ దాటి లోపలికి కూడా పోయింది."

వెనక జూనియర్లు కిసుక్కుమన్నారు. బాత్రూమ్‌లోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

ఆ వారమే ఖద్దరు నేసే పొందూరు నుంచి ఒకామె తన కూతుర్ని తీసుకొచ్చింది. పాపకు తొమ్మిదేళ్లు. పుచ్చిపోయిన పాల దవడపన్ను తీసేశారు. ఆ పన్ను నా పరిశోధనకు ఇస్తారా అని ఫారం పట్టుకుని అడిగాను.

"ఓలమ్మ! మా అత్త రోజల్లా వాలుగ సేప దవడ పట్టుకుని, ఆ పళ్లతో పత్తి దువ్వుతాది. పళ్లతో పని మా ఇంట్లోనే అనుకున్నాను. మీకూ అదే పనేటి?" అని నవ్వింది. "దీన్లో ఏటి కనిపిస్తాది డాక్టరమ్మా?"

గీత సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అయితే మా గుంట పుట్టిన రోజు దీన్లో ఉన్నాదా?"

"ఉండాలి."

"నాకు సూపించాలి మరి. సూపిత్తానంటేనే సంతకం."

పాపకు ఇంకో పన్నులో సిమెంటు నింపడానికి పదిహేను రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ రోజుకి చూపిస్తానని మాటిచ్చేశాను.

మూడో రోజుకే ఆ పన్నులో ఒక సగం నా వేళ్ల కింద చిట్లిపోయింది. మిగిలిన సగాన్ని సీసాలో పెట్టి ముట్టుకోలేదు. వేరే పళ్ల మీద మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాను. ఈసారి ప్రతి కాగితం తర్వాత ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అప్పుడు దొరికింది తప్పు. కాగితం మార్చేటప్పుడు నేను పన్నును నీళ్లలో ముంచి తీస్తున్నానంతే. గరుకు కాగితం రేణువు ఒక్కటి అంటుకుని వచ్చినా, నున్నటి కాగితం మీద అదే గీతలు పెడుతోంది. బ్రష్‌తో కడగడం మొదలుపెట్టాక గీతలు పోయాయి. పన్ను చుట్టూ గట్టిపడే రెజిన్ పోసి అంచులకు ఆసరా ఇచ్చాను. వేలి ఒత్తిడి సగానికి తగ్గించాను. ఎనామిల్ పెచ్చులూడడం ఆగింది.

ఆమె రావలసిన రోజుకి రెండు రోజుల ముందు సీసా మూత తీశాను. ఒక వైపు నున్నగా చేసి గాజు పలకకు అంటించి, రెండో వైపు అరగదీశాను. మధ్యాహ్నానికి పలకను పేపరు మీద పెడితే పన్ను ముక్కలోంచి కింద అక్షరాలు చదవగలిగాను. మెత్తటి గుడ్డ మీద తెల్లటి పొడితో మెరుగుపెట్టి మైక్రోస్కోపు కింద పెట్టాను.

తేనెరంగు ఎనామిల్. దాని వంపు వెంటే వంగుతూ, ఒక్క చోట కూడా తెగకుండా, నల్లటి గీత.

ప్రొఫెసర్ గారు వచ్చి నిలబడే చూశారు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని మళ్లీ చూశారు.

"వైజాగ్ పంపి మిషను మీద చేయించావా?"

"లేదు సార్. చేత్తోనే."

వేళ్లు చూపించమన్నారు. చూపుడు వేలి గోరు సగం అరిగిపోయి ఉంది. ఆయన తలుపు దగ్గరికెళ్లి, "అందరూ రండి, అరగదీయడమంటే ఏమిటో చూడండి" అని కేకేశారు. మొన్న నవ్విన జూనియర్లు వరసగా వచ్చి కళ్లు ఆనించి చూశారు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. పెదవులు ఎంత బిగించినా నవ్వు ఆగలేదు.

రెండు రోజుల తర్వాత ఆమె వచ్చింది. మొదట "ఏవో నల్లటి ఎంట్రుకలు కనిపిస్తన్నాయి" అంది. "అవి మీ కనురెప్ప వెంట్రుకలే అమ్మా, కొంచెం వెనక్కి జరగండి" అన్నాను. జరిగింది.

"ఓలమ్మో... వంపు తిరిగినాది కదా, ఇదేనా?"

"అదే."

"నాగావళి వంతెన మీద, ఆటోలో పుట్టీసినాది తల్లీ. ఒకటే వాన. ఏడవనేదు. పోయిందన్నారు అందరూ. నాను మాత్రం ఒగ్గనేదు, ఆస్పత్రి దాకా గుండెకి అదుముకునే ఉన్నాను." కళ్లు తుడుచుకుని మళ్లీ వంగింది. "సూడు, ఎంత గట్టిగా గీసుకుందో."

పాప తల్లిని పక్కకి నెట్టి తను చూసింది. గీతకు అటువైపు నువ్వు అమ్మ కడుపులో, ఇటువైపు ఆటోలో అని చెప్పాను.

"మరి ఆటో ఏదీ?" అంది.

ముగ్గురం నవ్వాం. తల్లి ఫోను కెమెరాను మైక్రోస్కోపుకు ఆనించి ఫోటో తీసింది. నాలుగుసార్లు చెదిరింది, అయిదోసారి కుదిరింది. పాప ఆ ఫోను లాక్కుని ఓపీ హాల్లోకి పరిగెత్తింది.

"నాను పుట్టిన గీత! నా పన్నులోనే ఉన్నాది!" అని వరసలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ చూపించింది. చెంప వాచిన ఒక తాత, తువ్వాలు తీసి నోరు తెరిచి, "నాది కూడా ఓపాలి సూడమ్మా" అన్నాడు నాతో.