పదకొండువేల రెండువందల ఇటుకలు

ఇల్లు కొనేటప్పుడు కొందరు వాస్తు చూస్తారు, కొందరు బావిలో నీళ్ళు చూస్తారు. నేను ఇటుకలు లెక్కపెట్టాను. ఆ లెక్క వల్లే ఇల్లు చేతిదాకా వచ్చి జారిపోబోయింది.

రెండువేల సంవత్సరం దాటిన మూడో వేసవి అది. నాకు నలభై ఆరేళ్ళు. మండవల్లి వైపు చేపల చెరువులకి గట్టు ఎంత పొడవు, ఎంత మట్టి పడుతుంది, ఎకరానికి ఎంత పిల్ల వదలాలి అని లెక్కగట్టి చెప్పడం నా పని. చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా టేపు పట్టుకుని గట్ల మీద తిరుగుతూ నేర్చుకున్నదే. కాపురం ఏలూరులో. పందొమ్మిదేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారాం. ప్రతి ఇంట్లోనూ మా ఆవిడ తులసి మొక్కని కుండీలోనే ఉంచేది, నేలలో నాటేది కాదు. "నాటితే మళ్ళీ పీకాలి కదండీ" అనేది.

అలాంటి మనిషికి ఒకరోజు మిషన్ కాంపౌండులో మూడు గదుల పెంకుటిల్లు అమ్మకానికి ఉందని తెలిసింది. ఇంటావిడ రిటైరైన టీచరు గారు. తాడేపల్లిగూడెంలో చెల్లెలి పక్కన ఉండాలని అమ్మేస్తున్నారు. చూసి వచ్చిన సాయంత్రం మా ఆవిడ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిట పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయింది.

ఒక్కటే చిక్కు. స్థలం చర్చివారిది, ఇల్లు మాత్రమే టీచరు గారిది. తొంభై తొమ్మిదేళ్ళ లీజు, అందులో అరవై ఒకటి అయిపోయాయి. మిగిలింది ముప్పై ఎనిమిది. ప్లీడరు గారు అసలు కాగితం చూసి మూడు మాటలు చెప్పారు. స్థలం అద్దె రసీదులు ఏ ఏటికి ఆ ఏడు ఉన్నాయా చూసుకోండి. ఇంటి మీద అప్పులేమైనా ఉన్నాయేమో ఈసీ తీయించండి. అన్నిటికన్నా ముఖ్యం, చర్చి కమిటీవారి రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మినా, ఇంకొకరికి స్వాధీనం చేసినా లీజు రద్దు. అందుకని అగ్రిమెంటులో తొంభై రోజుల గడువు పెట్టారు. ఆలోపు అనుమతి వస్తే రిజిస్ట్రేషను. రాకపోతే బయానా వెనక్కి, ఇల్లు ఎవరిది వారికి.

రసీదులు ఉన్నాయి. ఈసీ శుభ్రంగా వచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

మా చెరువుల వైపు లీజు అయిపోతే మోటారు, వలలు, కాపలా పాక, పాక మీది తాటాకుతో సహా పట్టుకుపోతాం. గట్టు ఒక్కటే వదిలేస్తాం. లీజంటే నాకు తెలిసింది అదే. కాబట్టి ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత ఈ ఇంట్లోంచి మనం పట్టుకుపోగలిగింది ఎంత అన్నది తేల్చుకోవాలనిపించింది. ఒక ఆదివారం టేపు, నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను. గోడలన్నీ కలిపి నూట ముప్పై అడుగులు, ఎత్తు పది. తలుపులు, కిటికీలు తీసేస్తే పదకొండువందల ఇరవై చదరపు అడుగులు. తొమ్మిదంగుళాల గోడకి చదరపు అడుక్కి పది ఇటుకలు. ఇటుక సైజు తెలియాలి కదా అని పెరటి గోడకి బెత్తెడు మేర సున్నం గీకాను కూడా.

టీచరు గారు గుమ్మంలో నిలబడి చూశారు. "ఏవండీ, ఇల్లు కొంటున్నారా, పీకుతున్నారా?"

"లెక్క కోసం అండీ."

"కూరలో ఉప్పు కూడా లెక్కపెట్టే వేస్తారా ఈయన?" అని మా ఆవిడని అడిగారు.

"రాళ్ళుప్పు అయితే లెక్కపెడతారండీ" అంది మా ఆవిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రహరీ అవతల నుంచి చూసినవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఆ సమయంలో చర్చి నుంచి వచ్చేవాళ్ళంతా ఆ దారినే వచ్చారు. సాయంత్రానికి కాంపౌండంతా ఒకటే మాట. కొనేవాడు కొల్లేటి చేపలవాడట, ఇల్లు పడగొట్టి ఐసు గోడౌను కడతాడట, ఇటుకలు అప్పుడే బేరం పెట్టాడట. వారంలో రావలసిన అనుమతి కమిటీలో ఆగిపోయింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. టీచరు గారు మూడుసార్లు అర్జీ పెట్టారు. "పరిశీలనలో ఉంది" అన్నారు.

ఎనభై అయిదో రోజున మా ఆవిడ పంచాంగం చూపించింది. మర్నాడు ఉదయం ఏడూ పద్దెనిమిదికి పాలు పొంగించడానికి ముహూర్తం. అది దాటితే మూఢం, రెండు నెలలు ఏమీ లేవు.

"పాలు పొంగిస్తే స్వాధీనం తీసుకున్నట్టే" అన్నాను. "ఇల్లు పోతుంది."

"పొంగించకపోతే నా ప్రాణం పోతుందండీ" అంది. ఆ మాట కూడా నవ్వుతూనే అంది. ఆ మూడు నెలలూ ఆవిడ నవ్వు ఎవరూ ఆపలేకపోయారు.

సంగతి టీచరు గారి చెవిన పడింది. "నా ఇంట్లో, నా పొయ్యి మీద, నా గిన్నెలో నేను పాలు కాచుకుంటాను. మీరిద్దరూ కాఫీకి రండి. పాలు ఎటు పొంగాలో మాత్రం చెప్పండి" అన్నారు.

ఏడూ పదికి పాలు పొయ్యి మీద పెట్టారు. ఏడూ పదహారుకి అంచుల్లో నురుగు లేచింది. ఇక పొంగుతుందనగా టీచరు గారి చెయ్యి గబుక్కున వెళ్ళి స్టవ్ కట్టేసింది.

"అయ్యో!" అంది మా ఆవిడ.

"నలభై ఏళ్ళుగా ఒక్క చుక్క పొంగనివ్వలేదమ్మా, చెయ్యి ఊరుకోవడం లేదు" అని మళ్ళీ వెలిగించారు. నురుగు లేచింది. మళ్ళీ చెయ్యి వెళ్ళింది. మళ్ళీ కట్టేశారు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వడం. నేను వాచీ పట్టుకుని చెమటలు కక్కడం.

మూడోసారి వెలిగించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే కమిటీ సెక్రటరీ గారు లోపలికి వచ్చారు. తెల్ల చొక్కా, చంకలో ఫైలు.

"ఏమిటిదండీ? గృహప్రవేశమా?"

"నా ఇంట్లో నేను పాలు కాచుకుంటున్నాను" అన్నారు టీచరు గారు. "పాలు కాయకూడదని లీజులో ఉంటే చూపించండి."

ఆయన నావైపు తిరిగారు. "గోడలు కొలిచింది మీరేనా? ఐసు గోడౌను ఎప్పుడు మొదలు?"

జేబులోంచి తీసి నోటుబుక్కు ఇచ్చాను. ఆయన నిలబడే చదివారు. "ఇటుకలు పదకొండువేల రెండువందలు. పదింట ఒకటి విరిగినా పదివేల ఎనభై. పెంకులు రెండువేల ఆరువందల నలభై." కింద గీత గీసి రాసుకున్నది ఇంకా నెమ్మదిగా చదివారు. "విప్పేనాటికి నా వయసు ఎనభై నాలుగు."

తల ఎత్తారు. "ఎనభై నాలుగో ఏట గునపం పట్టుకుని పైకెక్కుతారా?"

"కూలీలని పెడదామనుకున్నానండీ."

ఆయన కుర్చీలో కూలబడిపోయారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బాబూ, లీజు అయిపోతే ఇల్లు పీక్కుపోనక్కర్లేదు. పొడిగింపు అడగొచ్చని ఆరో షరతు ఉంది కదా, కాగితం వెనకవైపు?"

నా దగ్గరున్నది జిరాక్సు. జిరాక్సు కొట్టువాడు వెనకవైపు తీయలేదు. అయిదు షరతులే చదివాను. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత సంగతి ప్లీడరు గారిని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఈ గోలలో పొయ్యివైపు ఎవరూ చూడలేదు, నేను వాచీ వైపూ చూడలేదు. చుయ్‌మని శబ్దం వచ్చింది. పాలు గిన్నె మొత్తం చుట్టూ పొంగి, స్టవ్ ఆర్పేసి, తూర్పుకే కాదు, నాలుగు దిక్కులకీ కారుతున్నాయి. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. టీచరు గారు కూడా కొట్టారు. సెక్రటరీ గారు ఫైలు నెత్తిమీద పెట్టుకుని కాళ్ళు పైకి తీసుకున్నారు.

మిగిలిన పాలతో నాలుగు చిన్న గ్లాసుల కాఫీ అయ్యింది.

ఎనభై తొమ్మిదో రోజున అనుమతి వచ్చింది. అందులో ఒక షరతు ప్రత్యేకంగా రాశారు: లీజుకాలంలో కట్టడాన్ని పడగొట్టరాదు, కొనుగోలుదారుడు స్వయంగా సమర్పించిన లెక్క ప్రకారం ఇటుకలు 11,200, పెంకులు 2,640 యథాస్థానంలో ఉండవలెను. నా నోటుబుక్కులోని పేజీని షెడ్యూలుగా జతపరిచారు. మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, "ఇవి ఎవరు లెక్కపెట్టారండీ?" అని అడిగాడు. మా ఆవిడ గర్వంగా నావైపు వేలు చూపించింది.

ఇంట్లో చేరిన వారానికి తులసి నేలలోకి వెళ్ళింది. నేను మళ్ళీ టేపు తీశాను. స్నానాలగది గోడ లెక్కలో వదిలేశానని అప్పుడు తెలిసింది. అక్కడ నూట అరవై ఇటుకలు.

"షెడ్యూలులో లేవు. కాబట్టి అవి ఏ షరతూ లేకుండా మనవే" అన్నాను.

మొక్కకి నీళ్ళు పోస్తున్న మా ఆవిడ చెంబు కింద పెట్టి, మట్టి చేతులు నడుముకి ఆనించి అడిగింది.

"ఎనభై నాలుగో ఏట ఆ నూట అరవై నెత్తిన పెట్టుకుని ఎక్కడికి వెళ్తారండీ?"