మోత్కూరులో ఉత్తుత్తి ఆలుమగలు

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకూ, నా స్నేహితుడికీ మోత్కూరులో ఒకే ప్రైవేటు కాలేజీలో ఉద్యోగాలు దొరికాయి. ఇద్దరిదీ పాలమూరే. డిగ్రీ నుంచి స్నేహం, అంతకుమించి ఏమీ లేదు. చిక్కంతా కిరాయి ఇంటి దగ్గర వచ్చింది. ఒంటరి ఆడపిల్లకు ఇవ్వబోమని ఒకరు, పెళ్లికాని మగవాడికి ఇవ్వబోమని ఇంకొకరు. వారం రోజులు ఇద్దరం కలిసి తిరిగాక ఒక ముసలామె తన ఇంట్లోనే రెండు గదులు చూపించి, "మీరు ఆలుమొగలేనా బిడ్డా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వాడు "ఔనవ్వా" అనేశాడు.

బయటికి వచ్చాక వాడి మీద మండిపడ్డాను.

"మొన్న సినిమాల చూడలే? దోస్తులిద్దరు మొగుడుపెండ్లాలమని చెప్పుకుంట తిరుగుతరు. అందరు ఎంత నవ్విండ్రు!" అన్నాడు.

"సినిమా మూడు గంటల్ల అయిపోతది. మనమెన్ని దినాలు?"

వేరే గది దొరికే దారి కనబడక నేనూ ఒప్పుకున్నాను.

బజారులో పసుపుతాడు, గిల్టు మెట్టెలు కొనుక్కున్నాను. కాలేజీలో మాకు పెళ్లి కాలేదని అందరికీ తెలుసు. అందుకని పొద్దున సందు మలుపు దాటగానే తాడు తీసి సంచిలో వేసుకునేదాన్ని, సాయంత్రం అక్కడే మళ్లీ మెడలో వేసుకునేదాన్ని. మెట్టెలు కనబడకుండా ఎండల్లో కూడా సాక్సులు తొడుక్కునేదాన్ని. నేను లోపలి గదిలో, వాడు ముందు గదిలో పడుకునేవాళ్లం. అవ్వ తలుపు తట్టినప్పుడల్లా వాడు చాప చుట్టి దాచాకే నేను గడియ తీసేదాన్ని.

అవ్వ చెడ్డదైతే ఇంత భయం ఉండేది కాదు. వండిన కూరలో మాకింత పెట్టేది. తలనొప్పి అంటే నూనె రాసేది. నాలుగో నెలలో ఒకరోజు నా పక్కన కూర్చుని, "కడుపు పండలేదని ఫికర్ పడకు బిడ్డా. ఐతారం గుట్టకు పోదాం. మీతోని సత్యనారాయణ వ్రతం చేయిస్తనని మొక్కిన" అంది. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు.

ఆ ఆదివారం ముగ్గురం బస్సులో యాదగిరిగుట్టకు వెళ్లాం. మండపంలో జంటలన్నీ వరుసగా కూర్చున్నాయి. మా వెనకే అవ్వ. పూజారి అడిగితే వాడు గోత్రం చెప్పాడు. తర్వాత పూజారి అందరినీ కొంగులు ముడివేసుకోమన్నాడు. వాడు కండువా అంచు పట్టుకుని నా కొంగు అందుకోబోయి ఆగిపోయాడు.

"నాతోని కాదు" అని గొణిగాడు.

"సిగ్గెందుకు కొడుకా, జరుగు" అంటూ అవ్వే ముందుకు వంగి నా కొంగు పట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టి ఆపాను.

"అవ్వా, మాకు పెండ్లి కాలే."

మెల్లగానే అన్నాను. అయినా పక్క జంట తిరిగి చూసింది. అవ్వ నా కొంగు వదిలి లేచి, "లెవ్వుండ్రి" అంది.

బస్టాండులో వాడు ఉన్నదంతా చెప్పి, తప్పు తనదేనన్నాడు. ఆమె వాడివైపు చూడలేదు.

"నాలుగు నెలల సంది దినాం మీకోసం దీపం వెట్టి మొక్కిన. గా మొక్కులన్ని ఎవరికి పోయినయి బిడ్డా?" అని నన్ను అడిగింది. తిడితే బాగుండేది.

ఇంటికి రాగానే వాణ్ని వెళ్లిపొమ్మంది. నన్ను మాత్రం "ఆడివిల్లవు, యాడికి పోతవు? ఉండు" అంది. వాడు కాలేజీలో పనిచేసే ఇంకొకరి గదిలో సర్దుకున్నాడు. నేను ఉన్నానే గాని, అవ్వ నాతో మునుపటిలా మాట్లాడలేదు.

ఆ వానాకాలం నాకు జ్వరం ముదిరితే ఆమే దవాఖానకు తీసుకుపోయింది. చీటీ రాసే ఆయన, "ఈమె నీకేమైతది?" అని అడిగాడు. అవ్వ తిరిగి నావైపు చూసింది.

"నా ఇంట్ల కిరాయికుంటది" అని చెప్పి, చీటీ తీసుకుని వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది.