మేస్త్రీ మెడకు జానన్నర

ఇప్పుడంటే కుక్కపిల్ల ఇంటికి రాకముందే దానికి బెల్టు, తాడు కొని పెడుతున్నారు గానీ, నేను అశ్వారావుపేట దగ్గర పామాయిల్ నర్సరీలో కొత్తగా క్లర్కుగా చేరిన రోజుల్లో, బెల్టు ఉన్న కుక్క కనిపిస్తే జనం దాన్ని వదిలేసి పట్టుకున్నవాళ్లను వింతగా చూసేవారు. అప్పట్లో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. నర్సరీ నుంచి నా వెనకే వచ్చి గుమ్మంలో స్థిరపడిన గోధుమరంగు కుక్కకు ‘మేస్త్రీ’ అని పేరు పెట్టింది అత్తే. (పనిచేసేవాళ్లను కూర్చుని చూడటమే దాని పని.) ట్రాక్టర్ నడిపే మామయ్యకు మాత్రం అదంటే గిట్టేది కాదు. “ఇంట్ల ఒక మేస్త్రీ ఉన్నది, చాలదా?” అని అత్తకేసి చూస్తూ గొణిగేవాడు.

ఒక శనివారం ఊళ్లో డప్పు చాటింపు వేశారు. బెల్టు లేని కుక్కలను సోమవారం పొద్దున వ్యానులో పట్టుకుపోతారట. అలా పోయిన కుక్క తిరిగొచ్చిందని ఎవరూ చెప్పలేదు. కొత్తగూడెం పోయి బెల్టు తేవాలి, మరి కొలతెలా? మా ఇంట్లో నులకమంచం నుంచి కిటికీ పరదా దాకా అన్నీ జానలతోనే కొలిచేవారు. మామయ్య విసుక్కుంటూనే మేస్త్రీ మెడమీద చెయ్యి చాపి, “జానన్నర. యాదుంచుకో” అన్నాడు. (ప్రార్థనలో మామయ్య చెయ్యెత్తితే వెనక వరుసలో నాకు పాస్టరుగారు కనపడేవారు కాదు. ఆ సంగతి నాకప్పుడు గుర్తుకు రావాల్సింది.)

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కాను. కొట్టాయన ఒకదాని తర్వాత ఒకటి అడిగాడు. “తోలుది ఇయ్యాల్నా, నైలానా? గొలుసా, తాడా? గుంజుతదా, మెల్లగ నడుస్తదా? కరుస్తదా?” నాకు తల తిరిగిపోయింది. మేస్త్రీ నడవటం నేను చూసిందే తక్కువ. తోలుదైతే వానకు చెడుతుందన్నాడు, నైలానైతే మెడ ఒరుస్తుందన్నాడు, గొలుసు బరువన్నాడు, తాడు కొరికేస్తుందన్నాడు. మరి ఏది మంచిదంటే, “అన్నీ మంచియే చెల్లె” అన్నాడు. చివరికి కొలతడిగాడు. నాకు తెలిసింది అదొక్కటే కాబట్టి బల్లమీద చెయ్యి చాపి, దర్జాగా జానన్నర కొలిచి చూపించాను. ఎర్ర తోలు బెల్టు, గేదెను కట్టేంత లావు గొలుసు పట్టుకుని ఇల్లు చేరాను.

బెల్టు మేస్త్రీ మెడ చుట్టూ రాలేదు. ఇంకా బెత్తెడు కావాలి. “జానన్నరే గద చెప్పిన!” అంటూ మామయ్య బెల్టు పక్కన చెయ్యి పెట్టాడు. నేనూ పెట్టాను. రెండు చేతులూ చూసి అత్త నవ్వు ఆపుకోలేక కూలబడింది. నేను మాత్రం ఏడ్చేశాను. తెల్లారితే వ్యాను వస్తుంది. మేస్త్రీకి ఇదేమీ పట్టలేదు, కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

పొద్దున లేచేసరికి గుమ్మం ఖాళీ. అంతలోనే వ్యాను వచ్చి ఆగింది. “మీ కుక్క ఏదమ్మా?” అన్నాడు వచ్చినవాడు.

“మా మేస్త్రీ డ్యూటీకి పోయిండు” అంది అత్త, వాకిలి ఊడుస్తూనే.

“నేనడిగేది కుక్కను.”

“అవ్, నేను చెప్పేది గూడ గదే.”

వాడు నన్ను చూశాడు, నేను అత్తను చూశాను. సాయంత్రం ట్రాక్టర్ వచ్చాక గానీ నాకూ అర్థం కాలేదు. మామయ్య పక్కన మడ్‌గార్డు మీద మేస్త్రీ కూర్చుని ఉంది! “ఏంది గట్ల చూస్తవ్? తోటల ఎలకలున్నయ్, అందుకే తోల్కపోయిన” అన్నాడు మామయ్య, నా మొహం చూడకుండా. ఆ రోజు నుంచి అది ఆయన కుక్కే అయిపోయింది. నాకు కాస్త కుళ్లుగా ఉండేది కూడా.

మేస్త్రీ పోయింది. ఆ తర్వాత మామయ్యా పోయాడు. మొన్న ఖమ్మంలో మా పాప తెచ్చిన కుక్కపిల్లకు బెల్టు కొనబోతే, అవే ప్రశ్నలు, అదే అయోమయం. కొలతడిగితే అలవాటుగా మళ్లీ చెయ్యి చాపి జానన్నర చూపించాను. పాత సంగతి గుర్తొచ్చి, ఈసారి పొరపాటు పడకూడదని బెత్తెడు కలిపి చెప్పాను. ఇంటికొచ్చి పెడితే బెల్టు కుక్కపిల్ల తలమీదుగా జారి నేలమీద పడింది. పాప పకపకా నవ్వింది. నేను బెల్టును చేతిలోకి తీసుకుని చూశాను. మేస్త్రీ మెడకైతే సరిగ్గా సరిపోయేది.