గుంత లేని చోట గీసిన గడి

గుంతలు పూడ్చడానికి ఒమన్ వెళ్లినవాడు, అక్కడ అద్దంలాంటి రోడ్డుకు మోకాలు లోతు గొయ్యి పెట్టించిన వైనం ఇది. పెట్టించినవాణ్ని నేనే. దాని పుణ్యాన ఒక కుటుంబం పెళ్లిబట్టలతో ఇంట్లో ఇరుక్కుపోయింది, ఒక కట్టర్ బ్లేడు అరిగిపోయింది, నా ఉద్యోగం మేడ అంచుదాకా వెళ్లి కిందికి తొంగిచూసి వచ్చింది. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కాకపోతే, ఇరవై ఆరేళ్ల వయసులో మీ చేతికి ఎవరైనా చిన్న అధికారం అప్పగించి ఉంటే మీరేం వెలగబెట్టేవారో కూడా కాస్త ఆలోచించుకోండి.

నాకు అప్పగించిన అధికారం తెల్లరంగు స్ప్రే డబ్బా.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మస్కట్‌లో రోడ్ల మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో హెల్పర్‌గా చేరి, రెండేళ్లు డాంబర్ పొగ మింగాక నన్ను మార్కర్‌ని చేశారు. మార్కర్ పని వినడానికి చాలా తేలిక. ఎవరో తమ వీధిలో గుంత పడిందని ఫోన్లో ఫొటో పెట్టి ఫిర్యాదు చేస్తారు. మార్కర్ అక్కడికి వెళ్లి, గుంత చుట్టూ తెల్లగా గడి గీసి, లోపల నంబరు వేసి, ఆ వివరాలు కంపెనీ ఆప్‌లో ఎక్కించాలి. మర్నాడు జబ్బార్ భాయ్ గ్యాంగు వచ్చి గీత వెంబడి కోసి, పాత డాంబర్ పెకిలించి, కొత్తది పోసి, కుదించి వెళ్తుంది. ప్లాంటు నుంచి డాంబర్ ఎంత రావాలో ఆప్ చెబుతుంది. రోడ్డు ఎక్కడ కోయాలో తెల్లగీత చెబుతుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకే మాట చెబుతాయని మా కంపెనీ నమ్మకం. ఆ నమ్మకం నేను చేరకముందు ఏర్పడింది.

మార్కర్‌నయిన మొదటి వారంలోనే నా నడక మారింది. హెల్మెట్ కొంచెం పక్కకి వంచి పెట్టుకునేవాణ్ని. నల్ల కళ్లద్దాలు కొన్నాను. రూమ్‌లో చాయ్ తాగుతూ కూడా నేలమీది పగుళ్లను అనుమానంగా చూసేవాణ్ని.

ఆ బుధవారం పొద్దున అల్ హైల్ ప్రాంతంలో ఒక వీధిలో ఐదు గుంతలకు గడులు గీశాను. పక్క వీధి కొత్తగా వేసిన రోడ్డు. దాన్ని చూసి 'లోపాలు లేవు' అని ఆప్‌లో నమోదు చేయడం ఆ రోజు నా ఆఖరి పని. చేశాను. అక్కడితో బండెక్కి వెళ్లిపోతే ఈ కథ లేదు. వెళ్లబోతూ ఫోన్లో ఎవరితోనో తెలుగులో మాట్లాడాను.

ఒక విల్లా గేటు దగ్గర నీళ్లు కొడుతున్న ఆవిడ పైపు దించి నావైపు చూసింది. ఆ ఇంట్లో పనిచేసే రమణమ్మ. నలభై ఐదేళ్లుంటాయి.

"తెలుగోడివా నాయనా? మాది రాయచోటి కాడ. పక్క వీదిలో సూచ్చి గదా, రోడ్డు మింద ముగ్గులేచ్చాండావు, ఏం పని నీది?"

ముగ్గులట! నా కళ్లద్దాలకు ఆవిరి పట్టినంత పనైంది.

"ముగ్గులు కాదక్కా. నేను మార్కర్‌ను. నేను గడి గీసిన కాడ రోడ్డు కోస్తరు."

"నువ్వు గీచ్చేనా?"

"నేను గీస్తేనే. ఇంజనీర్ చెప్పినా కోయరు. నా గీత ఉండాల్సిందే."

ఇది ఎంత అబద్ధమో నాకు తెలుసు. ఇది ఎంత నిజమో నాకు మర్నాడు తెలిసింది.

"ఓస్, గీత గీసేది కూడా ఒక పనేనా? డబ్బా నాకియ్యి, నేనూ గీచ్చా," అంది రమణమ్మ.

"అందరికీ రాదక్కా. మూలలు కుదరాలె. చూడు నువ్వు."

చూపించాను. గేటుకు సరిగ్గా ఎదురుగా, అరగంట కిందటే నేను లోపాలు లేవని ధ్రువీకరించిన ఆ నల్లటి రోడ్డు మీద, మంచమంత గడి గీశాను. నాలుగు మూలలూ చూస్తే పెళ్లి పత్రిక అంచుల్లా ఉన్నాయి. జీవితంలో అంత చక్కటి గడి మళ్లీ గీయలేదు. లోపల ఖాళీగా ఉంటే బోసిగా అనిపించి, పక్క వీధిలో ఐదయ్యాయి కదా అని 'ఆరు' వేశాను.

"బాగుండాది గానీ, ఇప్పుడు తుడిచేచ్చావా?" అని అడిగింది రమణమ్మ.

"ఎండకు అదే పోతది," అన్నాను. ఆ రంగు మీద ఎండ, వాన, టైర్లు ఏవీ పనిచేయవని డబ్బా మీదే రాసి ఉంది. చదివే అలవాటు లేకపోయింది.

మర్నాడు తొమ్మిది గంటలకు జబ్బార్ భాయ్ ఫోన్ చేశాడు. ఆయన హైదరాబాదీ. గ్యాంగుకు ఫోర్‌మన్. డ్యూటీలో నవ్వు, కోపం రెండూ ఎరగని మనిషి.

"క్యా మియా, ఆరో నంబర్‌కు డాంబర్ తక్కువబడ్డది."

"ఆరో నంబరా? ఐదే కద భాయ్?"

"ఐదేంది? విల్లా గేటు ముందట ఇంత పెద్ద గడి గీసినవ్ గదా. మావోళ్లు అడిగిండ్రు, 'రోడ్డు బరాబర్ ఉన్నది, గుంత కనిపిస్తలేదు' అని. నేనే చెప్పిన, 'మార్కర్ సాబ్ ఊకనే గీయడు, లోపల ఏదో బీమారి, రోగం ఉంటది' అని."

"అయితే... కోసిండ్రా?"

"కోసినం. బహుత్ మజ్బూత్ రోడ్డు. బ్లేడ్ పోయింది. బీమారి దొరకలే. ఇంకొంచెం తవ్వినం. అయినా దొరకలే. మోకాలు దాక తవ్వినం మియా. ఏం బీమారి అది? నువ్వొచ్చి చూపెట్టు."

నేను వెళ్లేసరికి గేటు ముందు నా కళాఖండం నాలుగు పక్కలా సమానంగా, సమాధిలా తెరుచుకుని ఉంది. చుట్టూ తెల్లగీత అంచు చెక్కుచెదరకుండా ఉంది. గేటు లోపల పెద్ద బండి. బండి పక్కన ఇంటి యజమాని, ఆయన భార్య, ఇంకో ఐదుగురు, అందరూ సిల్కు బట్టల్లో, అత్తరు ఘుమఘుమలతో నిలబడి ఉన్నారు. ఆయన మేనల్లుడి పెళ్లి ఆ సాయంత్రమే, ఇబ్రాలో. రెండు గంటల ప్రయాణం. పెళ్లికొడుకు వేసుకోవాల్సిన బట్టలు ఈ బండిలోనే ఉన్నాయట.

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది. నన్ను నీడలోకి పిలిచి కూర్చోబెట్టి, చిన్న కప్పులో కహ్వా కాఫీ పోయించి, ఖర్జూరం పళ్లెం ముందుకు జరిపి, ఉర్దూలో మెల్లగా అడిగాడు.

"ఎప్పటికి పూడుస్తారు?"

"ఇప్పుడే సార్," అని ఆప్ తెరిచాను. ఆప్ ఒప్పుకోలేదు. ఫిర్యాదు లేని గుంత గుంత కాదంది. సరే, నేనే ఫిర్యాదు పెడదామని చూస్తే, 'ఈ వీధిలో లోపాలు లేవని మార్కర్ నిన్ననే ధ్రువీకరించారు' అంది. కింద నా పేరు. ఐదుగురు మనుషులు గొయ్యి చుట్టూ నిలబడి లోపలికి చూస్తున్నారు, మా కంపెనీ లెక్కలో మాత్రం అక్కడ గొయ్యి లేదు.

చివరికి ఆ పెద్దాయనే తన ఫోన్‌లోంచి ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాడు. అది రెండు నిమిషాల్లో ఎక్కడెక్కడో తిరిగి, టింగుమంటూ నా ఫోన్లోకే వచ్చింది. 'గుంత పడటానికి కారణం' అని అడిగింది. కింద జాబితా ఉంది: బరువు వాహనాలు, పైపు లీకు, పాతబడిన రోడ్డు, వర్షం. 'మార్కర్ డాబు' అనేది జాబితాలో లేదు. పాపం, ఎవరూ ఊహించి ఉండరు. నిజం రాస్తే సాయంత్రానికి టికెట్ చేతిలో పెడతారని భయం. వర్షం మీద నొక్కాను.

అల్ హైల్‌లో వానపడి ఎన్ని నెలలైందో గుర్తున్నవాళ్లు ఆ వీధిలో లేరు.

గంటలో ఇంజనీర్ మేడమ్ వచ్చింది. ఒమానీ ఆవిడ. ఈ పనులన్నీ తనిఖీ చేసేది ఆవిడే. కారు దిగి, గొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, టేపు తీసి పొడవూ వెడల్పూ కొలిచింది. తర్వాత నావైపు తిరిగి ఇంగ్లీషులో చాలా మర్యాదగా మొదలుపెట్టింది.

"వాన వల్ల పడిందని రాశావు."

"యెస్ మేడమ్."

"ఈ వీధంతా పడిందా?"

"లేదు మేడమ్. ఇక్కడే... కొంచెం గట్టిగా పడింది."

"నాలుగు మూలలూ సరిచూసుకుని పడిందా?"

నేను హెల్మెట్ సర్దుకున్నాను.

"పడేముందు చుట్టూ తెల్లగీత కూడా గీసుకుందా?"

ఇంకా ఏదో ఒక అబద్ధం వెతుకుతూనే ఉన్నాను, నమ్మండి. గాలివాన అనబోయాను కూడా. ఈలోపు గేటు దగ్గర నుంచి రమణమ్మ, ఆ ఇంట్లో నేర్చుకున్న అరబ్బీతో అడ్డుపడింది.

"మాఫీ మతర్, మేడమ్! హాదా నఫర్!"

వానా లేదు గీనా లేదు, ఈ మనిషే, అని అర్థం. వేలు కూడా నావైపే చూపించింది, ఇంకెవరైనా దొరికిపోతారేమో అన్నట్టు. తర్వాత నావైపు తిరిగి తెలుగులో, "ఏమనుకోబాక నాయనా, నువ్వు వాన మింద పెడతాంటే నాకే సిగ్గయితాంది," అంది.

అప్పుడు చెప్పేశాను. పనితనం చూపించుకోవడానికి గీశాను మేడమ్, అన్నాను. ఎండకు పోతుందనుకున్నాను, అన్నాను. కళ్లద్దాలు తీసి మరీ చెప్పాను. జబ్బార్ భాయ్ అంతా విని, "అంటే బీమారి రోడ్డుకు కాదు," అని ఒక్క ముక్క అన్నాడు. ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

మేడమ్ నవ్వలేదు. "ఈ కుటుంబం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాలి. అప్పటికి ఇది రోడ్డులా ఉండాలి. నువ్వే పూడ్చు. గ్యాంగు వాళ్లు చెబుతారు, నువ్వు చెయ్యి," అంది.

ప్లాంటు డాంబర్ ఆ పూటకు అయిపోయింది. స్టోర్ నుంచి కంకర, చల్లగా వాడే డాంబర్ బస్తాలు తెప్పించారు. నేను మోశాను. నేనే పోశాను. గుండెలదాకా అదిరే ఆ కుదింపు మెషిన్ పట్టుకుని, నేను గీసిన నాలుగు మూలల్లోనూ నేనే ఊగిపోయాను. పెళ్లివాళ్లు కుర్చీలు వేసుకుని చూశారు. గంటకోసారి కహ్వా పంపించారు. ఒకసారి ఆ పెద్దాయన లేచి వచ్చి, "ఆ మూల కొంచెం పల్లంగా ఉంది," అని వేలుతో చూపించాడు. ఆయనన్నది నిజమే.

మూడింటికి పది నిమిషాలు ముందే బండి గేటు దాటి, నా అతుకు మీదుగా మెత్తగా వెళ్లింది. పెళ్లికొడుకు బట్టలు ఇబ్రా చేరాయి. వెళ్తూ వెళ్తూ ఆయన అద్దం దించి సలాం చేశాడు. నాకు ఏడుపొచ్చింది. కొంత సిగ్గు వల్ల, మిగతాది నడుం నొప్పి వల్ల.

మేడమ్ ఆ నివేదికలో ఏం రాసిందో తెలియదు గానీ, నన్ను ఇంటికి పంపలేదు. మూడు నెలలు రంగు డబ్బా ముట్టుకోవద్దని మాత్రం చెప్పించింది.

నెల తిరిగాక కంపెనీలో మీటింగ్ పెట్టారు. మేనేజర్ ఒక ప్రశంసాపత్రం పట్టుకుని నిలబడి, ఆ నెలలో ఫిర్యాదు అందిన రోజే పూర్తిగా పూడ్చిన గుంత ఒకే ఒక్కటి ఉందని ప్రకటించాడు. ఆప్ చెప్పిందట. దాన్ని ఒంటిచేత్తో పూర్తిచేసిన ఉద్యోగిని అందరూ ఆదర్శంగా తీసుకోవాలట. నా పేరు పిలిచారు. చప్పట్ల మధ్య వెళ్లి పత్రం తీసుకున్నాను. నిజంగా టైర్లు తిన్న ఆ పక్క వీధి ఐదో గుంత, నా గొయ్యి గొడవలో సగం డాంబర్‌తో ఆగిపోయి, ఆ రోజుకీ అలాగే నోరు తెరుచుకుని ఉంది. జబ్బార్ భాయ్ నా చెవిలో, "మియా, ఇట్లైతే నెలకొకటి తవ్వుదామా? ప్రమోషన్ వస్తది," అన్నాడు.

అందుకే హెల్మెట్ తీసి పక్కనబెట్టి, కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని, చదివేవాళ్లందరి సాక్షిగా చెబుతున్నాను: గుంత కళ్లారా కనిపిస్తే తప్ప ఏ రోడ్డు మీదా గడి గీయను. గీసినా నంబరు వేయను. ఎవరైనా నా అధికారం ఏమిటని అడిగితే అసలు లేదనే చెబుతాను. నా తప్పును ఏనాడూ, ఏ ఎడారి దేశంలోనూ, వాన మీదికి నెట్టను.