మెట్టుకో జత

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషికి వచ్చే ఏ కష్టానికైనా ఎక్కడో ఒక యాప్ ఉండే ఉంటుందనీ, అది మనకు తెలియకపోవడమే అసలు కష్టమనీ. ఇంజనీరింగ్ అప్పుడే అయింది, ఉద్యోగం ఇంకా కాలేదు. "తర్వాతేంటి బాబూ" అని అడిగేవాళ్లు ఏ వీధిలో ఎక్కువ ఉంటారో నందిగామ మొత్తం మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ వీధులు తప్పించుకుని తిరగడమే అప్పట్లో నా వృత్తి. (ఆ అనుభవాన్ని రెజ్యూమేలో రాసుకునే వీలు లేకపోయింది.)

మా అక్క అలాంటిది కాదు. పళ్ల డాక్టరు చదివి, జగ్గయ్యపేటలో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టు మీద రెండు గదులు తీసుకుని, తన పేరుతో బోర్డు పెట్టుకుంది. నాన్న హైస్కూల్లో హిందీ మాస్టారు. ఆయనకు బోర్డుల కంటే జీతాల మీద గురి ఎక్కువ. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు అక్కని నెల జీతానికి రమ్మంటున్నారు. "ఈస్టరు దాకా చూద్దాం. నిలబడితే నీ బోర్డు, లేకపోతే వాళ్ల బోర్డు" అన్నారు నాన్న. అక్క సరేనంది. ఆ సరే అన్నప్పటి మొహంతో ఏ డాక్టరైనా సూది పట్టుకుని దగ్గరికొస్తే నేనైతే నోరు తెరవను. మర్నాటి నుంచి నన్ను కూడా పొద్దున్నే బస్సెక్కించి రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. కూర్చోవడంలో నాకు అప్పటికే మంచి అనుభవం ఉంది.

క్లినిక్‌కి మెట్లు బయటి నుంచే. రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనిపిస్తాయి. ఆ మెట్ల మీద అక్కకు తెలియకుండానే ఒక పద్ధతి వెలిసింది. మొదట వచ్చిన రైతు చెప్పులు విప్పి పై మెట్టు మీద పెట్టేవాడు. తర్వాత వచ్చినవాడు దాని కింద మెట్టు మీద పెట్టేవాడు. మెట్టుకో జత. పెట్టేసి ఎవరి పని మీద వాళ్లు బజారుకి పోయేవాళ్లు, మందుల కొట్టుకి ఒకరు, మిర్చి ధర కనుక్కోడానికి ఒకరు. పైవాడు లోపలికి వెళ్లగానే అక్కడున్న వాళ్లెవరో మిగతా జతలన్నీ కాలితో ఒక్కో మెట్టు పైకి జరిపేవాళ్లు. యూరియా బస్తాల క్యూలో నేర్చుకున్న విద్య అది. అక్కడ ఎండలో మనుషుల బదులు చెప్పులు నిలబడతాయి కదా, ఇక్కడా అంతే. ఎవరూ ఎవర్నీ తోసుకోలేదు, ఎవరి చెప్పులూ పోలేదు. (కొత్త చెప్పుల వాళ్లు మాత్రం బజారుకి పోకుండా వాటి పక్కనే కూర్చునేవాళ్లు. అదీ పద్ధతిలో భాగమే.)

ఇలా ఉండగా అక్క క్లాస్‌మేట్ ఒకావిడ హైదరాబాద్ పోతూ చూసిపోదామని వచ్చింది. కాఫీ తాగింది, బాగుందంది, దిగేటప్పుడు మెట్లకి ఫొటో తీసింది. సాయంత్రానికి ఆ ఫొటో వాళ్ల బ్యాచ్ గ్రూప్‌లో ఉంది. కింద ఒకరు, "క్లినిక్కా, చెప్పుల స్టాండా?" అని రాశారు. దాని కింద చాలామంది నవ్వారు. పళ్ల డాక్టర్లు కాబట్టి పళ్లు కనిపించేలాగే నవ్వారు. అక్క ఫోన్ బోర్లా పెట్టి, "ఒరేయ్, నీకు తెలిసిన ఆ అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లేవో చూడు. ఈ చెప్పుల గోల నాకొద్దు" అంది. నా జీవితంలో నాకు అప్పగించిన మొదటి బాధ్యత అది. అమ్మ ఆదివారం చర్చిలో ప్రార్థన అంశాలు చెప్పేటప్పుడు, జ్వరాల వాళ్లకీ పరీక్షల వాళ్లకీ మధ్యలో, "మా అబ్బాయి పెట్టబోయే సాఫ్ట్‌వేర్ కోసం" అని చేర్చింది. సంఘమంతా ఆమెన్ అంది. ఇక వెనక్కి తగ్గే వీల్లేదు.

ఎంపిక చాలా శ్రద్ధగా చేశాను. మొదటి సాఫ్ట్‌వేర్‌లో పేషెంటు ముందు ఈమెయిల్ ఇచ్చి, ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉన్న పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. దవడ వాచినవాడు అంత ఆలోచించగలడా అని నాకే అనుమానం వచ్చింది. రెండోది అసలు బ్యూటీ పార్లర్ల కోసం తయారైంది. పేర్లు మార్చుకుంటే పళ్లకీ సరిపోతుందన్నారు. అన్నీ మారాయి కానీ పని అయ్యాక వెళ్లే మెసేజ్ ఒకటి మారలేదు. పన్ను పీకించుకుని ఇంటికెళ్లినవాడికి "మీ కొత్త లుక్ మీకు నచ్చిందా?" అని వెళ్తుంది. మూడోది ఒక హైదరాబాద్ కుర్రాడు ఫోన్‌లో చూపించాడు. నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దవాడై ఉంటాడు. టైమ్ బుక్ చేయగానే తెర మీద పై నుంచి పువ్వులు రాలాయి. కింద రంగురంగుల గ్రాఫు. "మీ క్లినిక్‌లో ఇక ఎవరూ వెయిట్ చెయ్యరు సార్" అన్నాడు. నన్ను సార్ అన్న మొదటి మనిషి. పువ్వులకే సగం పడిపోయినవాణ్ని, ఆ పిలుపుతో మిగతా సగం పడిపోయాను.

అక్క అంతా చూసి ఒక్కటే అడిగింది.

"ఇందులో నొప్పొచ్చినవాడు ఏం చెయ్యాలిరా?"

"ఖాళీ ఉన్న టైమ్ ఎంచుకోవాలి."

"నొప్పికి ఖాళీ ఏంట్రా?"

"అదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందక్కా."

ఆ ఫొటో ఇంకా మనసులో ఉన్నట్టుంది, సరే కానీ అంది. నేను మెట్ల దగ్గర బోర్డు పెట్టించాను: చెప్పులు పెట్టరాదు, ఫోన్‌లో ముందుగా టైమ్ తీసుకోవలెను. మొదటి రోజే పెనుగంచిప్రోలు నుంచి ఒక పెద్దాయన వచ్చి, బోర్డు పక్కనే చెప్పులు విప్పాడు. ఆయన మిర్చి రైతు, మాకు పాత పేషెంటు. నేను దిగి వెళ్లి, పద్ధతి మారిందని చెప్పి, చెప్పులు ఆయన ముందుంచాను. ఆయన వాటి వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "చెప్పులే నమ్మని చోట నోరేం తెరుస్తాం బాబూ" అని, తొడుక్కుని వెళ్లిపోయాడు. మార్పుని అందరూ ఒకేసారి అర్థం చేసుకోలేరని నాకు నేను చెప్పుకున్నాను.

సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే జరిగింది. ఎవరూ వెయిట్ చెయ్యలేదు. క్లిప్పులు పెట్టించుకునే కాలేజీ పిల్లలు ఒకరిద్దరు బుక్ చేసుకున్నారు, పువ్వులు రాలాయి. బుక్ చేసుకున్న పెద్దవాళ్లలో సగం మంది రాలేదు. గురువారం నాలుగింటికి పన్ను పీకుతామని సోమవారమే చెబితే, భయపడటానికి మనిషికి మూడు రోజులు తీరిక ఇచ్చినట్టే కదా. వెనకటికి మెట్ల మీద ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు వచ్చినవాడికి నేనొక్కణ్నే కనిపించేవాణ్ని, నన్ను చూసి ఎవరికీ ధైర్యం రాదు. మెట్లు కడిగినట్టు ఉండేవి. వారం వారం సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజ్ వచ్చేది: నిరీక్షణ సమయం సున్నా, అభినందనలు. కింద కొట్టు షావుకారు గారు ఒకసారి తల పైకెత్తి, "ఏం అబ్బాయ్, అక్కయ్య గారు ఊళ్లో లేరా?" అన్నారు. అక్క అప్పుడు పైనే, ఖాళీ కుర్చీని తుడుస్తోంది. అప్పటికే రెండుసార్లు తుడిచింది. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమదినాలు సగం దాటాయి. నాన్న ఇంట్లో విజయవాడ బస్సుల టైములు, అడగకపోయినా, చెప్పడం మొదలుపెట్టారు.

ఈస్టరు ముందు వారం. అక్క ముందు బస్సుకి వెళ్లిపోయింది, నేను వెనక బస్సుకి. నా పక్క సీట్లో ఒకామె చెంపకి తువ్వాలు కట్టుకుని కూర్చుంది. కండక్టరు వస్తే కోదాడకి టికెట్ తీసుకుంది. ఎందుకండీ అంత దూరం, పేటలోనే పళ్ల డాక్టరమ్మ ఉంది కదా అన్నాను. ఆమె తువ్వాలు కాస్త వదులు చేసుకుని చెప్పింది.

"ఆమె ఎత్తేసిందంటగా బాబూ. బజార్లో ఒక్కళ్లన్నా ఉత్తకాళ్లతో కనపడట్లా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే విడమరిచింది. పేట బజార్లో ఎవరైనా చెప్పుల్లేకుండా తిరుగుతుంటే, ఏంటయ్యా ఉత్తకాళ్లు అని అడుగుతారు. పళ్ల డాక్టరమ్మ దగ్గర నంబరుకి చెప్పులు పెట్టొచ్చానంటాడు వాడు. ఆ మాట విని ఇంకో నలుగురికి వాళ్ల వాళ్ల పళ్లు గుర్తొస్తాయి. అంటే అంతకాలం అక్క పేషెంట్లు బజారంతా తిరిగి అక్క గురించి చెప్పి వచ్చారు, అదీ కాళ్లు కాల్చుకుని. అలాంటి ప్రచారానికి నేను బోర్డు పెట్టి అడ్డుపడ్డాను. క్లినిక్ తెరిచే ఉందండీ, ఫోన్‌లో టైమ్ తీసుకోవాలంతే అన్నాను. "ఫోను మావాడి దగ్గరుంటది. నొప్పి నా దగ్గరుంటది" అని ఆమె మళ్లీ తువ్వాలు బిగించుకుంది. నేను పేటలో దిగిపోయాను. ఆమె ఒక్క పన్ను కోసం గరికపాడు చెక్‌పోస్టు దాటి పక్క రాష్ట్రానికి వెళ్లిపోయింది.

మెట్ల దగ్గర బోర్డు పీకి గోడ వైపు తిప్పి పెట్టాను. నా చెప్పులు విప్పి పై మెట్టు మీద పెట్టాను. తర్వాత బజారులోకి నడిచాను. ఏప్రిల్ ఎండలో జగ్గయ్యపేట సిమెంటు రోడ్డు గురించి నేను ఎక్కువ చెప్పను. నీడ ఉన్నచోట మెల్లగా, లేనిచోట కొంచెం అవమానకరమైన వేగంతో నడిచాను. చర్చిలో తెలిసిన ఒక ఆంటీ చూసి, ఉపవాసంతో పాటు ఇది కూడానా బాబూ అని జాలిపడింది. మందుల కొట్టాయన వేదాద్రి గుడికి మొక్కా అన్నాడు. ఇద్దరికీ ఒకటే చెప్పాను, పళ్ల డాక్టరమ్మ దగ్గర నంబరు పెట్టొచ్చానని. మిర్చి కమిషన్ కొట్టు ముందు ఆ పెనుగంచిప్రోలు పెద్దాయన ఉన్నాడు. నా కాళ్లు చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీద కండువా సర్దుకుని క్లినిక్ వైపు నడిచాడు.

నేను తిరిగి వచ్చేసరికి మెట్ల మీద నా జత కింద మూడు జతలున్నాయి. రోడ్డు మీద ఇద్దరు ఆగి చూస్తున్నారు. అలికిడికి అక్క తలుపు తీసి, చెప్పుల్ని చూసి, తర్వాత నన్ను చూసింది. తర్వాతెవరండీ అంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"పై జత బాబుగారిది. ముందు ఆయన్ని చూడమ్మా. వరసంటే వరసే."

నాకు నొప్పి లేదు. ఆ మాట అక్కడ అంటే మెట్ల మీద చెప్పులన్నీ అబద్ధమని ఊరంతా అనుకుంటుంది. వెళ్లి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాను. అక్క ఊరికే చూసినట్టు నటిద్దామని అద్దం పెట్టింది. కాసేపటికి అద్దం అక్కడే ఆగిపోయింది.

"ఒరేయ్, నిజంగానే ఉంది. లోపలంతా పుచ్చింది" అంది మెల్లగా. "రూట్ కెనాల్ అంటే మూడు నాలుగు సార్లు రావాలి. అపాయింట్‌మెంట్ తీసుకుంటావా, ఇప్పుడే పీకెయ్యనా?"

ఇప్పుడే అన్నాను. నోట్లో అద్దం ఉండగా అంతకంటే పెద్ద మాట పలకడం కష్టం. అది జ్ఞానదంతమని రాయాలని నాకు చాలా ఉంది. కాదు, మామూలు దవడ పన్నే. దూది కరుచుకుని బయటికొస్తే పెద్దాయన, "నొప్పెట్టిందా?" అని అడిగాడు. లేదని తలూపాను. వెనక ఉన్న ఇద్దరి మొహాలు తేటపడ్డాయి. ఆయన నా చెప్పులు కాలితో పక్కకి తీసి, మిగతావి ఒక్కో మెట్టు పైకి జరిపి లోపలికి వెళ్లాడు.

ఈస్టరు నాటికి మెట్లు చాలక కొన్ని జతలు షావుకారు గారి అరుగు మీదికి దిగాయి. నాన్న బస్సుల టైములు మర్చిపోయారు. సాఫ్ట్‌వేర్‌ని అక్క తీసెయ్యలేదు. క్లిప్పుల పిల్లలకి ఫోను, నొప్పి వాళ్లకి మెట్లు అని పంచింది. మెట్ల ఫొటో ఒకటి తనే తీసి బ్యాచ్ గ్రూప్‌లో పెట్టింది. ఈసారి కింద ఎవరూ ఏమీ రాయలేదట.

నేనిప్పుడు హైదరాబాద్‌లో అలాంటి సాఫ్ట్‌వేర్‌లు అమ్మే కంపెనీలోనే చేస్తున్నాను. ఎక్కడో ఏ చిన్న ఊళ్లోనో ఉన్న ఖాళీ కుర్రాళ్లకి ఫోన్‌లో పువ్వులు రాల్చి చూపిస్తాను, సార్ అని పిలుస్తాను. "ఇక ఎవరూ వెయిట్ చెయ్యరు" అనే మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుక దానంతటదే దవడలో ఆ ఖాళీ దగ్గరికి పోతుంది. ఒక్క క్షణం ఆగి, "మీ దగ్గర ఇప్పుడు జనం ఎలా వెయిట్ చేస్తున్నారండీ?" అని అడుగుతాను. మా మేనేజర్ ఆ ప్రశ్న ఎందుకంటాడు. కట్టుడు పన్ను పెడతా రారా అని అక్క ఎప్పట్నుంచో అంటోంది. వెళ్లినప్పుడల్లా కింద మెట్టు మీద చెప్పులు విప్పి, నా వంతు వచ్చేదాకా బజారులో తిరిగొస్తానంటాను. తిరిగొచ్చేసరికి ఎవరో నా జతని జాగ్రత్తగా పైకి జరిపి ఉంటారు. చూసుకుని, తొడుక్కుని, వంతు వెనక వాళ్లకిచ్చేసి బస్సెక్కుతాను. ఆ ఖాళీ అక్కడ అలాగే ఉండనీ. ఎండలో కాళ్లు కాల్చుకుంటూ నడిచిన ఆ కుర్రాడి వంతుని, మెట్టు మీద జతలాగా, పట్టి ఉంచింది అదే, పోనివ్వబుద్ధి కాదు.