పట్టుపురుగుల ఇంట్లో సరోజక్క గొంతు

మా పక్క ఫ్లాటులోకి కొత్తగా ఎవరో దిగారు. మొన్న సాయంత్రం బట్టలు తీద్దామని బాల్కనీలోకి వెళితే వాళ్ళ కిటికీలోంచి దోమల కాయిల్ పొగ వచ్చి ముక్కుకు తగిలింది. ఆ తీపి ఘాటు చాలామందికి నిద్రను గుర్తు చేస్తుందేమో కానీ నేను మాత్రం బట్టలు తీగ మీదే వదిలేసి లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. మా ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్క కాయిల్ కూడా వెలిగించలేదు. దోమతెరలతోనే నెట్టుకొస్తున్నాం. నా భార్య దీన్ని నా చాదస్తాల్లో ఒకటిగా ఎప్పుడో జమ కట్టేసింది. పెళ్ళయిన కొత్తలో కారణం అడిగితే పొగ పడదని తప్పించుకున్నాను. అసలు కారణం చెప్పాలంటే సరోజక్క గురించి చెప్పాలి. ఆమె గురించి మొదలుపెడితే ఒక పూటలో తేలదు.

కోలారు బంగారు గనులు మూతపడి ఏడెనిమిదేళ్ళయిన రోజులవి. కేజీఎఫ్‌లో ఒంట్లో సత్తువ ఉన్న ప్రతి మనిషీ తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి, పొద్దు గూకాక ఇల్లు చేరేవాడు. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తాగా చేసి, అది మూతపడ్డాక ఇంట్లోనే కూర్చుండిపోయాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బెంగుళూరులో ఒక మెషిన్ షాపులో అప్రెంటిసుని. పని కంటే కోపం ఎక్కువ. హెవీ రాక్ పాటలను సీడీల్లో కాపీ చేయించుకుని చెవులు దిమ్మెక్కేదాకా వినడం, రైల్లో టిఫిన్ డబ్బా మీద వేళ్ళతో డ్రమ్స్ వాయించడం తప్ప నాకు వేరే లోకం లేదు.

ఒకరోజు అలాగే వాయిస్తుంటే ఎదురు సీట్లో కూర్చున్నావిడ నా వేళ్ళవైపే చూస్తోంది. ముప్ఫై దాటి ఉంటాయి. నూలు చీర, నూనె రాసి బిగించిన జడ, ఒళ్ళో క్యారియర్. ఏ స్కూల్లోనో లెక్కల టీచరమ్మ అనుకున్నాను. డబ్బా మోత భరించలేక తిడుతుందని కూడా అనుకున్నాను.

"ఏమప్పా, నాలుగో దెబ్బ పరిగెత్తిస్తా ఉండావు. రైలు యాడికీ పోదు, నిదానంగా కొట్టు" అంది.

"మీకేం తెలుసు మేడం?" అన్నాను, నా సహజమైన పొగరుతో.

ఆమె నా డబ్బా తీసుకుని మోకాళ్ళ మీద పెట్టుకుని అదే తాళం వాయించింది. నాకంటే నెమ్మదిగా కొట్టింది, కానీ నాకంటే బరువుగా వినిపించింది. "కొట్టేది అందురూ కొడతారు. కొట్టకుండా ఆపుకుంటావే, ఆడుండాది బరువు" అని డబ్బా తిరిగి ఇచ్చేసింది. పక్క సీటులోని పెద్దాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె పేరు సరోజ. బెంగుళూరులో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. ఆంటోని అనే గిటారు మనిషితో కలిసి ఒక బ్యాండు నడుపుతోంది. వాళ్ళ డ్రమ్మరు చెన్నైలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం రమ్మంది. పాడేది ఎవరని అడిగితే "నేనే" అంది. ఆ చీర, ఆ జడ చూసి ఏ లలిత సంగీతమో అనుకుని లోపల నవ్వుకున్నాను. ఆ ఆదివారం ఆమె మైకు ముందు నిలబడి నోరు తెరిచేసరికి నా చేతిలో స్టిక్కు జారి కింద పడింది. బండరాళ్ళు దొర్లినట్టున్న ఆ గొంతు ఆ సన్నటి మనిషిలో ఎక్కడ దాగుందో నాకు అంతుపట్టలేదు. పాట ఇంగ్లీషులో లేదు, అచ్చంగా మా కోలారు తెలుగులో ఉంది. వారానికొకసారి వచ్చి బిందె నిండకుండానే పోయే కొళాయి నీళ్ళ మీద పాట అది. అంత కోపం ఒక కొళాయి మీద చూపించవచ్చని నాకు అంతవరకూ తెలియదు.

కేజీఎఫ్ క్వార్టర్సులో ఒక ఇంటి గోడ ఇంకో ఇంటికీ గోడే. అక్క ఒకసారి ఇంట్లో సాధన చేస్తుంటే పక్కింటివాళ్ళు ఎవరికో ఫిట్స్ వచ్చాయనుకుని తాళంచెవుల గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చారట. ఆ గుత్తి ఆమె చేతిలో పెట్టి మరీ కూర్చోబెట్టారట. ఆ తర్వాత ఆమె వాళ్ళ నాన్న స్నేహితుడు మునెప్పను అడిగింది. కామసముద్రం దగ్గర పల్లెలో ఆయనకు మల్బరీ తోట, దాని మధ్యలో పట్టుపురుగులు పెంచే పొడవాటి ఇల్లు ఉన్నాయి. ఒక పంట గూళ్ళు సంతకు పోయాక తర్వాతి పంట పురుగులు వచ్చేదాకా ఆ ఇల్లు కొన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఆదివారాలు మావి. శబ్దం బయటకు పోకుండా కిటికీల మీదా గోడల మీదా గోనెపట్టాలు వేలాడదీసేవాళ్ళం. పురుగులు వచ్చాక వాటికి చల్లదనం కోసం మునెప్ప ఆ పట్టాలనే తడిపి కట్టేవాడు.

ఇల్లు ఇచ్చేటప్పుడు మునెప్ప ఒక్కటే మాట చెప్పాడు. "ఏమన్నా వాయించుకోండి. నాకు బేజారు లేదు. పొగ మాత్రం వద్దు. బీడీ, సిగరెట్టు, ఊదుబత్తి, సెంటు, ఏదీ వద్దు. పట్టుపురుగంత సున్నితమైన జీవి ఇంగోటి లేదు." ఆ మాటను సరోజక్క ఆయనకంటే గట్టిగా పట్టుకుంది. గుమ్మం దగ్గర నిలబడి మా వేళ్ళు వాసన చూసి లోపలికి పంపేది. ఆంటోని సిగరెట్లు కాల్చేవాడు కాబట్టి బోరింగు దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటేనే అతనికి ప్రవేశం. "బ్యాండులో చేరినానా, ఆపరేషన్ థియేటర్లో చేరినానా?" అని అతను గొణిగేవాడు.

మునెప్ప అప్పుడప్పుడూ గుమ్మంలో నిలబడి వినేవాడు. ఒకసారి పాట అయ్యాక, "ఎవురి మీదమ్మా ఇంత కోపం?" అని నిజంగానే దిగులుగా అడిగాడు.

"కొళాయి మీద చిన్నాయనా."

"అట్లనా! అయితే మా బోరు మీద గూడా ఒకటి పాడు. రెండు నెలలాయె, నీళ్ళు లేవు, సుమ్మనే గాలి కక్కతా ఉండాది" అన్నాడు. సరోజక్క నిజంగానే రాసింది. మా పాటలన్నింటిలోనూ అదే గొప్పదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆమె దగ్గర నేర్చుకున్నది వాయించడం ఒక్కటే కాదు. ఆంటోని ఒకసారి తప్పు వాయిస్తే నేను స్టిక్కు విసిరికొట్టాను. అది పోయి మూలన పడింది. అక్క మైకు ఆపేసి ఆ స్టిక్కువైపు చూస్తూ నిలబడింది. పది నిమిషాలైనా అలాగే నిలబడింది. చివరికి నేనే లేచి వెళ్ళి తెచ్చుకున్నాను. అప్పుడు, "మా ఆసుపత్రిలో పొద్దంతా ఒకటే మాట చెప్తా ఉంటా. ఊపిరి పట్టండి, కదలొద్దండి అని. కదిలితే బొమ్మ చెదిరిపోతాది. నువ్వు గూడా కోపం వచ్చినప్పుడు స్వల్పం ఊపిరి పట్టు" అంది. ఆమె దేవత కాదు. మాట కరుకు, మొండితనం ఎక్కువ. ఆంటోని సొంతంగా కట్టిన బాణీలను ఒక్క ముక్కలో తీసిపారేసేది. అతనికి అది బాధ అని ఆమెకు ఎప్పటికీ తట్టలేదు. అయినా ఆ ఏడాదిలో నేను ఆమెను ఆరాధించాను. ఇంతకంటే నెమ్మదైన మాట వాడితే అబద్ధమవుతుంది.

ఏడాది తిరిగేసరికి బెంగుళూరులో ఒక హాలువాళ్ళు మేం సీడీలో పంపిన రికార్డింగు విని ప్రదర్శనకు పిలిచారు. ఆరు బ్యాండ్లలో మాదొకటి. మాకు అరగంట. అక్క పెళ్ళి కోసం వాళ్ళమ్మ సంబంధాలు చూస్తూనే ఉంది. ఆసుపత్రిలో డ్యూటీలు పెరిగాయి. ఇంకో ఏడాది ఇలా సాగదని మాకు అందరికీ తెలుసు. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పెద్ద స్పీకర్లలో నా గొంతు నేను వినాల. ఆమీట ఏమన్నా కానీ" అని రైల్లో కిటికీవైపు చూస్తూ అంది. ఆమె తన కోసం ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదొక్కసారే.

ఆ తర్వాతి ఆదివారం అక్కకు డ్యూటీ పడింది, ఆంటోని రాలేదు. నేనొక్కడినే పోయి పొద్దుటినుంచి సాయంత్రందాకా వాయించాను. వానలు వెలిసిన రోజులు, మల్బరీ తోటలోంచి దోమలు దండుగా వచ్చిపడ్డాయి. రెండు చేతులూ స్టిక్కులకే సరిపోతే దోమను కొట్టేదెలా? ఊళ్ళో అంగడికి పోయి కాయిళ్ళ పెట్టె తెచ్చి నా స్టూలు వెనక వెలిగించాను. ఒకటి అయ్యాక ఇంకొకటి. లోపల పురుగులు లేవు కదా, పొగ పెడితే ఎవరికి నష్టం అనుకున్నాను. పోయేముందు కిటికీలు తెరిచాను, వాసన పోయింది. గోనెపట్టాలు ఆ పొగనంతా తాగాయన్న ఊహే నాకు రాలేదు.

పది రోజుల తర్వాత మునెప్ప కబురు పెడితే ముగ్గురమూ వెళ్ళాం. ఇల్లు బ్లీచింగు చల్లి శుభ్రంగా కడిగి, పట్టాలు తడిపి కట్టి, చిన్న పురుగులు తెచ్చి తట్టల్లో వేశారు. రెండు రోజులకే అవి మేత మానేసి తలలు అటూ ఇటూ ఊపుతూ, పచ్చటి నీళ్ళు కక్కి ముడుచుకుపోయాయి. మేం వెళ్ళేసరికి మునెప్ప భార్య వాటిని చేటలోకి ఎత్తి గుంటలో పోస్తోంది. ఏడవడం కూడా అయిపోయినట్టుంది, ఆమె మా వైపు చూడలేదు. మునెప్ప కాయిల్ నిలబెట్టే చిన్న తగరపు ముక్క ఒకటి అరచేతిలో పెట్టి చూపించాడు.

"మూలన దొరికింది. ఇది ఎవురిది?"

పొగ అలవాటున్నవాడు ఆంటోని ఒక్కడే కాబట్టి మునెప్ప చూపు అతని మీదికి పోయింది. "నాది కాదు, నిజంగా నాది కాదు" అన్నాడు ఆంటోని, తెల్లబోయి. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే నిలబడ్డాను.

"నాది చిన్నాయనా" అంది సరోజక్క.

మునెప్ప నమ్మలేదు. అయినా ఆమె ముఖం చూసి మారు మాట అడగలేదు. ఆ పంట పోవడంతో తర్వాతి పంటకు కూలి మనుషులను పెట్టుకునే స్థితి వాళ్ళకు లేకపోయింది. "నేనొచ్చి చేస్తా. పురుగు గూడు కట్టేముందు ఆఖరి మేత వారం దినాలూ నేనుంటా" అంది అక్క. ఆయన వద్దన్నాడు. ఆమె వినలేదు.

ఆ ఆఖరి వారంలోనే మా ప్రదర్శన పడింది. అక్క రావడం లేదని ఆంటోని ప్రదర్శన రోజు పొద్దున్నే నాకు ఫోను చేసి కేకలు వేశాడు. నేను బంగారుపేటలో రైలు మారి కామసముద్రంలో దిగి, ఆవేశంగా ఆ ఇంటికి పోయాను. అక్క కొంగు బిగించి తట్టల మీద ఆకు పరుస్తోంది.

"పురుగుల కోసం ఇంత పెద్ద అవకాశం వదులుకుంటావా అక్కా? పద, పది గంటల రైలుంది" అన్నాను.

ఆమె ఆకు పరవడం ఆపలేదు. తిట్టినా బాగుండేది. "కాయిల్ పెట్టింది నేనే" అనేశాను.

"తెలుసు. ఆ ఆదివారం నువ్వొక్కడివే గదా వచ్చింది."

"మరి నువ్వెందుకు నెత్తిన వేసుకున్నావు?"

"నువ్వు చెప్తావని చూసినాను. చెప్పలేదు. ఆంటోని మీదికి పోతా ఉండాది. ఇంగ ఎవురో ఒకరు చెప్పాల గదా" అంది. ఆ తర్వాత మొదటిసారి నా వైపు తిరిగి, "నాకు చెప్తే చాల్దు. ఆయన తోటలో ఉండాడు" అంది.

మునెప్ప మల్బరీ వరసల మధ్య కొడవలితో కొమ్మలు కోస్తున్నాడు. చెప్పాను. ఆయన కోత ఆపాడు. "ఆ పాప చేత అబద్ధం చెప్పించినావు కదప్పా" అన్నాడు. పోయిన పంట మాట ఎత్తనేలేదు. ఇంకో కొడవలి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆకు మోపు ఎత్తుకుని లోపలికి వచ్చి, "నేనుంటానక్కా, నువ్వు పో. ఇంకా రైలు దొరుకుతుంది. అక్కడ ఎవరో ఒక డ్రమ్మరు దొరుకుతాడు" అని బతిమాలాను.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే పోయేదాన్ని. నీకు పని నేర్పించి నిమ్మళంగా పోయేదాన్ని" అంది. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "ఇప్పుడు పురుగు గూడు కట్టేదానికి వచ్చేసింది. నీకు ఆకు పరిచేది గూడా తెలీదు. నిన్ను నమ్మి ఎట్ల పోయేది?"

సాయంత్రం, హాలులో మా పేరు పిలిచే సమయానికి మేమిద్దరం తట్టల మధ్య ఉన్నాం. వేలకొద్దీ చిన్న నోళ్ళు ఆకు నమిలే చప్పుడు సన్నటి జల్లులా ఇల్లంతా నిండింది. అక్క గడియారం చూసుకుని, ఒక్క క్షణం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి పై తట్టకు ఆకు అందుకుంది. నేను ఏడ్చాను. ఆమె చూసి కూడా చూడనట్టు ఉండిపోయింది.

ఆ పంట బాగా వచ్చింది. బ్యాండు మాత్రం మళ్ళీ కలవలేదు. ఆంటోని ఆ రోజు ఒంటరిగా హాలుదాకా పోయి తిరిగొచ్చాడట. అతని అవకాశం కూడా మా ఇద్దరి మధ్య నలిగిపోయింది. అతను మమ్మల్ని క్షమించలేదంటే నేను తప్పు పట్టను. సరోజక్క ఆ ఆసుపత్రిలోనే పెద్ద ఉద్యోగంలో ఉంది. పెళ్ళి చేసుకుంది, ఇద్దరు ఆడపిల్లలు. నా పెళ్ళికి వచ్చి మేళం డోలు ఆయన పక్కనే కూర్చుని అతని చేతులే చూస్తూ ఉండిపోయింది. ఏ స్టేజీ మీదా ఆమె పాడనేలేదు. మీరు ఆ గొంతు వినలేదంటే, వినే అవకాశం ఇక లేదంటే, అందులో నా వంతు ఉంది.

ఇప్పుడు నేనొక ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకుంటాను. పోయిన నెల నేను రాసిచ్చిన కొలత తప్పి ఒక లోడు సరుకంతా పనికిరాకుండా పోయింది. మేనేజరు అందరినీ పిలిచి, ఎవరి పని ఇది అని అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే లేచి "నాదే సార్" అన్నాను. బయటికి వచ్చాక కుర్రవాళ్ళు నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. వాళ్ళకేం తెలుసు, అది ధైర్యం కాదని. నేను ఒక్క క్షణం ఆలస్యం చేస్తే ఆ గదిలో ఎవరో ఒక మంచి మనిషి నా బదులు నోరు తెరుస్తారేమోనని భయం.