రెండు బుక్కల అన్నం

నిన్న బీరువా సర్దుతుంటే చీరల కింద నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా బయటపడింది. లోపల మూడు గాజుపలకలు, వాటి మీద నా గర్భసంచి లోపలి పొర నుంచి తీసిన పల్చటి ముక్కలు. ముట్లుడిగి చాలాకాలమయ్యాక, కొన్నేళ్ల కిందట మళ్లీ రక్తం కనిపిస్తే జనగామ డాక్టరమ్మ పరీక్షకు పంపింది. క్యాన్సర్ కావచ్చు, ఈ పలకలు హైదరాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపించండి అని రిపోర్టు వచ్చింది. మా ఆయన పోయినప్పటి నుంచీ నేను గోడలతోనే మాట్లాడుతున్నాను. ఆ రోజు గోడలకు కూడా చెప్పబుద్ధి కాలేదు. గార్లలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను.

అక్క తన తోటలో మిరపకాయ ఏరడం మధ్యలో వదిలేసి మర్నాడే దిగింది. హైదరాబాద్ రైల్లో ఆ డబ్బాను ఒడిలో పెట్టి కొంగు కప్పుకుని, గుడ్లు పొదిగే కోడిలాగా కదలకుండా కూర్చుంది. ఫలితం కోసం ఎదురుచూసిన వారమంతా నా వంటిల్లు అక్క రాజ్యం. ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకే తెలిసేది కాదు. అక్క గురకకు పక్కింటి కుక్క మొరిగేది. భయంతో నాకు ముద్ద దిగేది కాదు గానీ, ఇల్లు మాటలతో నిండి ఉండేది. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఆ వారం నాకు బాగుంది.

ఒక మధ్యాహ్నం హైదరాబాద్ డాక్టరుగారు ఫోన్ చేశారు. క్యాన్సర్ కాదట. రక్తం పోయిన చోట పొర మళ్లీ అల్లుకునేటప్పుడు కణాలు రూపు మార్చుకుని ఒక్కోసారి అచ్చం క్యాన్సర్ కణాల్లా కనిపిస్తాయట. అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండమన్నారు, పలకలు అప్పుడు తిరిగి తీసుకోవచ్చన్నారు. బీరకాయ తరుగుతున్న అక్క తలెత్తి "ఏమన్నరే డాక్టరు?" అంది. "ఇంకా తేలలేదట" అన్నాను. చెబితే సాయంత్రం రైలుకే వెళ్లిపోతుందని నా భయం. రెండు రోజులు అట్లా నెట్టుకొచ్చాను. తోట పాడవుతోందని అక్క ఫోన్లో కూలీల మీద కేకలేస్తుంటే ఇక ఉండబట్టలేక, కబురు అప్పుడే వచ్చినట్టు చెప్పాను. గంటలో సంచి సర్దుకుంది.

స్టేషన్లో రైలు కనబడ్డాక అంది: "మొన్న ఫోన్ పెట్టేసినంక రెండు బుక్కలు ఎక్కువ తిన్నవ్ చెల్లె. గప్పుడే తెల్సింది నాకు."

నా తల వాలిపోయింది. "మరి ఎందుకున్నవక్కా, ఆడ తోట పాడైతాంటే?"

"తోటకు కూలోల్లున్నరు. ఇంటికాడ నాకు మాత్రం ఎవలున్నరే?"

బావ పోయినప్పటి నుంచీ అక్క కూడా ఒకటే కంచం కడుక్కుంటోందని నాకెందుకు తట్టలేదో. ఉండిపొమ్మని నేను అనలేదు, నాతో వస్తావా అని అక్క అడగలేదు. రైలు ఆగేదే రెండు నిమిషాలు. నిరుడు అక్క చనిపోయింది. గాజుపలక మీది కణాలు ఏళ్లు గడిచినా చెడవట. వాటికింకా ఆ వారమే నడుస్తోంది, నాకే గడిచిపోయింది.